నిగ్రహం నేర్పితే వచ్చేదేనా?

(మేనకోడలు న్యూజీలాండ్ దక్షిణ ద్వీపంలోని డునెడిన్‌లో కిండర్‌గార్టెన్ టీచరు. మామయ్య తెనాలి దగ్గర హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరై, ఇప్పుడు ఆక్లండ్‌లో కొడుకు నడిపే డెయిరీలో గల్లాపెట్టె దగ్గర కూర్చుంటున్నారు. అక్కడ వీధి చివరి కిరాణా కొట్టునే డెయిరీ అంటారు. జూలై సెలవుల్లో డునెడిన్ వచ్చినప్పుడు ఇద్దరి మధ్యా సాగిన వాదన ఇది.)

మామయ్య: అమ్మాయ్, సూటిగా అడుగుతాను, ఏమనుకోకు. తెల్లవారుజామున దొంగిలించిన కారుతో మా కొట్టు అద్దాలు గుద్ది లోపలికొచ్చిన వాళ్లలో పెద్దవాడికి పదహారు దాటవు. సిగరెట్లు, వేప్‌లు, గల్లాలో చిల్లర ఊడ్చుకుపోయారు. 2022లో ఈ రామ్ రెయిడ్లు మితిమీరినప్పుడు ప్రభుత్వం చిన్న దుకాణాలవాళ్లను ఫాగ్ కెనన్ పెట్టుకోమని తలా 4,000 డాలర్లు ఇస్తానంది. మీట నొక్కితే క్షణాల్లో కొట్టంతా తెల్లటి పొగ కమ్మేస్తుంది. ఎదురుగా ఉన్న అర కూడా దొంగకు కనపడదు. అది నాకు అర్థమవుతుంది. నువ్వేమో పిల్లల చేత తాబేలు ఆట ఆడిస్తే రేపు దొంగలు తగ్గుతారంటున్నావు. అదే నా బుర్రకెక్కడం లేదు.

మేనకోడలు: పొగ వాడు దొంగయ్యాక పనికొస్తుంది మామయ్యా. నా పని వాడు దొంగ కాకముందు. అసలు ఆ ఆటేమిటో వినండి. నాలుగేళ్లవాళ్లు పదిమంది గుండ్రంగా కూర్చుంటారు. ‘చిరుత’ అనగానే గబగబా చప్పట్లు కొట్టాలి. ‘మనిషి’ అంటే మామూలుగా కొట్టాలి. ‘తాబేలు’ అంటే చప్పటకీ చప్పటకీ మధ్య ఊపిరి పీల్చుకునేంత సేపు ఆగాలి. మొదట్లో తాబేలు దగ్గర సగంమంది జారిపోతారు. చేతులు వాటంతటవే పరుగెడతాయి, పకపకా నవ్వులు. కొన్నాళ్లకు ఆ చేతులు ఆగడం మొదలుపెడతాయి. ఒంట్లో ఊపు ఉండగానే దాన్ని తగ్గించుకోవడం పిల్లవాడికి అక్కడ అలవాటవుతుంది. స్టాచ్యూ ఆట, తాడాట, తొక్కుడుబిళ్ల, దిమ్మెలతో కట్టడం, అన్నీ ఇందుకే. ఈ ఊరి ఒటాగో విశ్వవిద్యాలయంలో డయోన్ హీలీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇలాంటి ఆటలను ఒక వరసలో పేర్చి ‘ఎంగేజ్’ అని పేరుపెట్టారు. మెథడిస్ట్ మిషన్ సదర్న్ అనే సంస్థ వాటిని బాలబడుల్లోకి తీసుకెళుతోంది.

మామయ్య: తొక్కుడుబిళ్లకు విశ్వవిద్యాలయం కావలసొచ్చిందా? మాకు వీధి అరుగు చాలింది. కబడ్డీలో కూత తెగకుండా, తొందరపడి మీద పడకుండా, సమయం చూసి గీత దాటి రావడం కంటే నిగ్రహం ఏముంది?

మేనకోడలు: నేనూ అదే అంటున్నాను. కానీ ఆ అరుగు ఇప్పుడెక్కడుంది? మీ మనవడు ఫోన్‌లో బొమ్మలు చూస్తేగానీ ముద్ద మింగడు. ఫోన్ లాక్కుంటే కంచం విసిరేస్తాడు. తన వంతు కోసం కాచుకోవడం, ఓడిపోయి కూడా ఆటలో మిగలడం వీధిలో నేర్చుకునేవాళ్లం. ఆ వీధి పోయింది. దాని పని బడి మీద పడింది.

మామయ్య: సరే, ఆటలు మంచివే. మొక్కై వంగనిది మానై వంగదు, అదీ ఒప్పుకుంటాను. అయితే మొక్కను వంచేదేమిటి? భయం. నా చేతిలో బెత్తం ఉన్నంతకాలం మా బడిలో ఒక్క కిటికీ అద్దం పగల్లేదు. మా నాన్న కొట్టినవాడే, తర్వాత పిలిచి అన్నం పెట్టినవాడే. మేం చెడిపోయామా?

మేనకోడలు: మీరు వరండాలో నడుస్తుంటే క్లాసులు నిశ్శబ్దంగా ఉండేవని అమ్మ చెప్పేది. మీరు మీటింగుకని గుంటూరు వెళ్లిన రోజు ఎలా ఉండేవో కూడా చెప్పేది.

మామయ్య: (నవ్వుతూ) సంతలా ఉండేవి.

మేనకోడలు: మరి ఆ నిగ్రహం పిల్లలదా, మీదా? బెత్తంతో పాటే బస్సెక్కి వెళ్లిపోయే నిగ్రహం వాళ్లదెలా అవుతుంది? తెల్లవారుజామున మూడింటికి ఖాళీ రోడ్డు మీద ఏ హెడ్మాస్టరూ ఉండడు. అప్పుడు కూడా పనిచేసేది కావాలి. బడిలో కొట్టడాన్ని ఈ దేశం 1990లోనే ఆపేసింది. మన దగ్గర 2009 విద్యాహక్కు చట్టం ఆపింది. ఇంట్లో తల్లిదండ్రులు దండించడానికి ఉన్న చట్టపు వెసులుబాటును కూడా సూ బ్రాడ్‌ఫర్డ్ అనే ఎంపీ తెచ్చిన బిల్లుతో 2007లో ఇక్కడ తీసేశారు.

మామయ్య: తీసేశారు, జనం ఏమన్నారో కూడా చెప్పు. 2009లో రెఫరెండం పెట్టి, పిల్లవాడిని దారిలో పెట్టడానికి వేసే దెబ్బ నేరం కావాలా అని అడిగితే 87.4 శాతం మంది వద్దన్నారు. ప్రభుత్వం ఆ తీర్పును పక్కన పెట్టింది. అంతమంది తల్లిదండ్రులూ రాక్షసులేనా?

మేనకోడలు: ఎంతమాత్రం కాదు. పిల్లవాడికి ఒక దెబ్బ వేసిన తల్లిని పోలీస్ స్టేషన్‌కు ఈడుస్తారేమోనని వాళ్ల భయం. ఆ భయాన్ని నేను అర్థం చేసుకోగలను. కానీ ఎక్కువమంది ఓటేశారు కాబట్టి దెబ్బ నిగ్రహం నేర్పుతుందని తేలదు. తమ్ముణ్ణి కొట్టాడని వాడిని కొడతాం. కోపం వస్తే బలమున్నవాడు కొట్టవచ్చన్న పాఠమే వాడికి దాంట్లోంచి అందుతుంది.

మామయ్య: మాటలు బాగానే ఉన్నాయి. రుజువు చూపించు. మూడేళ్ల వాడి ఓపికకూ ముప్పై ఏళ్ల వాడి జైలుకూ లంకె ఉందని ఎవరు చూశారు?

మేనకోడలు: ఈ ఊరే చూసింది. 1972 ఏప్రిల్ నుంచి 1973 మార్చి దాకా ఇక్కడి క్వీన్ మేరీ ప్రసూతి ఆసుపత్రిలో పుట్టిన 1,037 మందిని ఇప్పటికీ వదలకుండా చూస్తున్నారు. ఫిల్ సిల్వా మొదలుపెట్టారు. తర్వాత చాలాకాలం, 2023లో చనిపోయేదాకా, రిచీ పౌల్టన్ నడిపారు. పిల్లలు మూడేళ్లప్పుడు, ఐదేళ్లప్పుడు పరీక్షలకు వస్తే, చిన్న పని ఇచ్చి చూసేవారు. వెంటనే విసుగుపడుతున్నాడా, మధ్యలో వదిలేస్తున్నాడా, కుదురుగా ఉండలేకపోతున్నాడా అని రాసుకునేవారు. తర్వాత పదకొండేళ్ల దాకా తల్లిదండ్రులనూ టీచర్లనూ అడిగారు, చివర్లో పిల్లలనే అడిగారు. టెర్రీ మాఫిట్, అవ్‌షలోమ్ కాస్పి బృందం 2011లో ఆ లెక్కలు ప్రచురించింది. చిన్నప్పుడు నిగ్రహం బాగా తక్కువగా ఉన్న ఐదో వంతు మందిలో 32 ఏళ్లు వచ్చేసరికి 43 శాతం మందికి ఏదో ఒక నేరంలో శిక్ష పడింది. నిగ్రహం బాగా ఎక్కువున్న ఐదో వంతులో అది 13 శాతం. ఇంటి ఆర్థిక స్థితినీ తెలివితేటల పరీక్షనూ లెక్కలోకి తీసుకున్నాక కూడా తేడా పోలేదు.

మామయ్య: లెక్కల మాస్టారికి లెక్క చెప్పావు కాబట్టి మిగతా సగం నేను చెబుతాను. 43 మందికి శిక్ష పడితే 57 మందికి పడలేదు. బుద్ధిమంతుల్లోనూ 13 మంది జారారు. నువ్వు మూడేళ్ల పిల్లవాడి నుదుటి మీద ‘వీడు రేపటి దొంగ’ అని రాస్తే, నూటికి 57 సార్లు అబద్ధం రాసినట్టే. పైగా ఆ రాత చదివి చదివి వాడు నిజంగానే దొంగవుతాడు. బడిలో అలాంటి వాళ్లను చూశాను. ‘మొద్దు’ అన్న పేరు పడ్డాక పిల్లవాడు పుస్తకం తెరవడు.

మేనకోడలు: మీరన్నదానికే ఆ అధ్యయనంలో జవాబుంది. తేడా అట్టడుగు వాళ్లకూ మిగతావాళ్లకూ మధ్య గోడలా లేదు, మెట్లమెట్లుగా ఉంది. మధ్యలో ఉన్నవాడు ఒక మెట్టు ఎక్కినా వాడికీ మేలే. చిన్నప్పటికంటే పెద్దయ్యేసరికి నిగ్రహం పెరిగిన వాళ్లు, మొదటి కొలతను బట్టి ఊహించినదానికంటే బాగున్నారు కూడా. అందుకే ఎవరినీ ఏరకూడదు. ఆట అందరికీ పెట్టాలి. గుండ్రంగా కూర్చున్న పదిమందిలో ఎవడి కోసం ఆడిస్తున్నామో ఎవరికీ తెలియకూడదు.

మామయ్య: అందరికీ పెడితే ఖర్చు. సరే, ఇంకో మాట. అదే అధ్యయనం వాళ్లు 2016లో ఇంకోటి రాశారు కదా? వాళ్ల గుంపులో 22 శాతం మందే 81 శాతం నేర శిక్షలకు కారకులని.

మేనకోడలు: మీకెలా తెలుసు?

మామయ్య: గల్లాపెట్టె దగ్గర పేపరు చదవడం తప్ప పనేముంది? ఆ 22 శాతం మంది చిన్నతనంలో ఏమున్నాయన్నారు? పేదరికం, ఇంట్లో హింస, తెలివితేటల్లో వెనకబాటు, నిగ్రహలేమి. నాలుగు చెప్పారు. మీరు నాలుగోది మాత్రమే పట్టుకున్నారు. ఎందుకంటే అది చవక. అద్దె కట్టలేక ఏటా ఇల్లు మారే తల్లికి ఇల్లివ్వడం కష్టం, ఆమె కొడుక్కి ‘ఊపిరి పీల్చు నాయనా’ అని చెప్పడం తేలిక. ఆకలేసి ఏడ్చేవాడికి ఏడుపు ఆపుకోవడం నేర్పడం న్యాయమా?

మేనకోడలు: (కాసేపాగి) కాదు. ఇందులో మీరే కరెక్టు. ఆకలేసిన వాడికి ముందు తిండే పెట్టాలి. క్రైస్ట్‌చర్చ్‌లో డేవిడ్ ఫెర్గూసన్ వాళ్లు ‘ఎర్లీ స్టార్ట్’ అని నడిపారు. కష్టాల్లో ఉన్న ఇళ్లకు ఒక మనిషి క్రమం తప్పకుండా వెళ్లి తల్లికి తోడుండటం దాని పద్ధతి. తొమ్మిదేళ్ల తర్వాత చూస్తే ఆ ఇళ్లలో పిల్లలను కొట్టడం తగ్గింది, గాయాలతో ఆసుపత్రికి రావడం తగ్గింది, పిల్లల ప్రవర్తన కొంత మెరుగైంది. కానీ తల్లిదండ్రుల సొంత కష్టాలు మాత్రం అలాగే మిగిలాయి. అంటే పిల్లవాడికి చేసిన మేలు ఇంటి కష్టాన్నంతా తీర్చదు, అలాగని ఇంటి కష్టం తీరేదాకా పిల్లవాడు పెరగకుండా ఆగడు. రెండూ ఒకేసారి చేయాలి.

మామయ్య: ఒప్పుకున్నావు, సంతోషం. ఇప్పుడు నీ పద్ధతి మీదికే వస్తాను. యునైటెడ్ కింగ్‌డమ్‌లో 8,000 మందికి పైగా పిల్లలతో, పదకొండు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లతో, బడుల్లో ధ్యానం, శ్వాస, మనసును గమనించడం నేర్పి చూశారు. 2022లో ఫలితం వచ్చింది. మామూలుగా బడులు చేసేదానికంటే ఏ లాభమూ లేదు. ముందే దిగులుతో ఉన్న కొందరికి కాస్త ఎక్కువైంది కూడా. దానికేమంటావు?

మేనకోడలు: బెంచీల మీద కూర్చోబెట్టి మనసు గురించి ఉపన్యాసమిస్తే ఏమవుతుందో అదే అయింది. ఆ పిల్లల్లో చాలామంది ఇంటిదగ్గర సాధన చేయలేదు. పదమూడేళ్ల వాడిని నీ లోపల ఏముందో చూసుకో అంటే, దిగులున్నవాడు దిగులునే చూస్తాడు. ఈత గురించి నల్లబల్ల మీద రాస్తే ఈత వస్తుందా? మేం నాలుగేళ్లవాళ్లకు పాఠం చెప్పం, ఆడిస్తాం. అయినా గొప్పలు పోను. 2019లో ‘ఎంగేజ్’ ఆటలనూ, ఆస్ట్రేలియాలో పుట్టిన ‘ట్రిపుల్ పీ’ అనే తల్లిదండ్రుల శిక్షణనూ పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఇంచుమించు సమానంగా పనిచేశాయి.

మామయ్య: అంటే నీ ఆట గొప్పేమీ లేదు.

మేనకోడలు: తల్లిదండ్రులకు పద్ధతులు నేర్పడం ఎంత పనిచేస్తుందో, పిల్లలతో కూర్చుని ఆడటం అంత పనిచేసింది. క్లాసులకు వెళ్లే తీరికలేని, నైట్ షిఫ్టులు చేసే ఇళ్లకు అది చిన్న సంగతి కాదు.

మామయ్య: అన్నిటికంటే పెద్ద అనుమానం ఇంకా అడగలేదు. నువ్వు కోపం, కోపం అంటున్నావు. మా కొట్టు పగలగొట్టిన వాళ్లు కోపంగా లేరు. నవ్వుతున్నారు. ఒకడు ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు, టిక్‌టాక్‌లో పెట్టడానికి. దొరికిన వాడితో ఫ్యామిలీ గ్రూప్ కాన్ఫరెన్స్ పెట్టారు. 1989 చట్టం నుంచి ఇక్కడి పద్ధతి అదే కదా, తప్పు చేసిన పిల్లవాడినీ, వాడి ఇంటివాళ్లనూ, నష్టపోయిన వాళ్లనూ ఎదురెదురుగా కూర్చోబెడతారు. వాడికి పద్నాలుగేళ్లు. వాళ్లమ్మమ్మ పక్కన తలొంచుకు కూర్చున్నాడు. ‘ఎందుకు చేశావు నాయనా?’ అని అడిగాను. ‘తెలీదు. వాళ్లు రమ్మన్నారు, కారెక్కాను’ అన్నాడు. అంతే. అందులో కోపమెక్కడుంది, అదుపు చేయడానికి?

మేనకోడలు: రమ్మన్నారు, ఎక్కాడు. ఆ రెండు మాటల మధ్య ఏమీ లేదు చూశారా? నేను నేర్పాలనుకునేది కోపం తగ్గించుకోవడం ఒక్కటే కాదు. హుషారు, సిగ్గు, పదిమందిలో పలచనవుతానన్న భయం, ఇవీ మనిషిని తోసేవే. తోపుకూ అడుగుకూ మధ్య కాస్త జాగా కావాలి. దారితప్పే పిల్లలు రెండు రకాలని మాఫిట్ 1993లోనే చెప్పారు. చిన్నప్పటి నుంచీ చివరిదాకా గొడవల్లోనే ఉండేవాళ్లు కొద్దిమంది. టీనేజీలో గుంపుతో కలిసి దారితప్పి తర్వాత సర్దుకునేవాళ్లు చాలామంది.

మామయ్య: ఆ రెండోవాళ్లకు నీ తాబేలు ఏం చేస్తుంది?

మేనకోడలు: తక్కువే చేస్తుంది, నిజం చెప్పాలంటే. వాళ్లకు మంచి స్నేహాలు, చేతినిండా పని, రాత్రిపూట ఎక్కడున్నాడో అడిగే మనిషి కావాలి. కాకపోతే ఒకటుంది. డునెడిన్ పిల్లల్లో నిగ్రహం తక్కువున్నవాళ్లే పదిహేనేళ్లకే సిగరెట్ పట్టడం, చదువు మధ్యలో మానేయడం, టీనేజీలోనే తల్లో తండ్రో కావడం ఎక్కువ. అలాంటి ఉచ్చులో పడ్డవాడు సర్దుకుని ఇవతలికి రావడం కష్టమవుతుంది. గుంపుతో వెళ్లిన వాడు తిరిగి ఇంటికి రాగలగడానికి కూడా ఎంతో కొంత చిన్ననాటి బలం కావాలి.

మామయ్య: దొరికినవాళ్లనైనా కాస్త కఠినంగా చూడొద్దా? 2024 జూలైలో పామర్‌స్టన్ నార్త్‌లో పదిమంది కుర్రాళ్లతో సైనిక తరహా శిక్షణ మొదలుపెట్టారు. పొద్దున్నే లేవడం, పక్క సర్దుకోవడం, చెప్పిన మాట వినడం. అందులో తప్పేముంది?

మేనకోడలు: పొద్దున్నే లేవడంలో తప్పులేదు. తలుపు మూశాక లోపల ఏం జరుగుతుందన్నదే భయం. ఈ దేశం దాన్ని ఒకసారి చూసింది. అల్లరి పిల్లలని ముద్రవేసి ఎపూనీ లాంటి బాలుర గృహాల్లో పెట్టారు. గ్రేట్ బారియర్ ద్వీపంలో తే ఫకపకారి అని ఒక శిబిరం నడిచింది. అక్కడ దారిలో పెడతామని పిల్లలను హింసించారు. 1950 నుంచి 2019 దాకా ప్రభుత్వ, మత సంస్థల సంరక్షణలో ఉన్న ఆరున్నర లక్షల మందిలో దాదాపు 2,00,000 మంది హింసకు గురయ్యారని 2024లో రాయల్ కమిషన్ అంచనా కట్టింది. ఆ నవంబరులో ప్రధాని లక్సన్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. అక్కడి నుంచి గ్యాంగుల్లోకి, జైళ్లలోకి వెళ్లినవాళ్లు ఎందరో. వాళ్లలో ఈ దేశపు మూలవాసులైన మావోరీలు మరీ ఎక్కువ. నిగ్రహంలేని పెద్దల చేతికి నిగ్రహం నేర్పమని పిల్లలను అప్పగించారు.

మామయ్య: (నిట్టూర్చి) దానికి నా దగ్గర జవాబు లేదు. అయితే ఒక మాట. తప్పు చేసినవాడు నష్టపోయినవాడి ముఖం చూడాలి, జవాబు చెప్పాలి. ‘పాపం, చిన్నప్పుడు నేర్పలేదు’ అని వదిలేస్తే ఊరుకోను.

మేనకోడలు: వదలమని నేనెప్పుడన్నాను? మొన్న మా బడిలో ఒకడు కట్టుకుంటున్న దిమ్మెల మేడను ఇంకొకడు తన్నేశాడు. మేడవాడు దిమ్మె ఎత్తి వాడి తలమీదికి విసరబోయాడు. నేను ఆ చెయ్యి పట్టుకుని, మోకాళ్లమీద కూర్చుని, ‘మేడ పడిపోయింది, నీకు చాలా కోపంగా ఉంది. కొట్టనివ్వను’ అన్నాను. అంతకుమించి ఏమీ అనలేదు. అప్పుడు నీతులు చెవికెక్కవు. ఊపిరి కుదుటపడేదాకా పక్కనే ఉన్నాను. తర్వాత తన్నినవాడిని పిలిచి ఇద్దరిచేతా మేడ మళ్లీ కట్టించాను. అది జవాబు చెప్పడం కాదా? కొట్టనివ్వను అన్నమాటలో గట్టితనం లేదా? 2017లో సవరించిన ఇక్కడి బాలవిద్య ప్రణాళిక తే ఫారికి కోరేది కూడా ఇదే. పిల్లలు తమను తాము సంభాళించుకోవాలి, తమ భావాలనూ అవసరాలనూ చెప్పుకోగలగాలి.

మామయ్య: మనమైతే ‘మగపిల్లాడివి, ఏడుస్తావేంట్రా’ అనేవాళ్లం. వాడు ఊరుకునేవాడు.

మేనకోడలు: ఊరుకునేవాడు. లోపల ఉడికిపోతూ పైకి బెల్లం కొట్టిన రాయిలా ఉండటాన్ని మనం నిగ్రహం అనుకున్నాం. ఆ పిల్లవాడే పెద్దవాడై, ఉద్యోగం పోయిన రోజో, వీసా రాని రోజో, ఇంటికొచ్చి పెళ్లాం మీద కంచం విసిరేస్తాడు. బాధను చెప్పుకోవడానికి వాడికి ఇంకో దారి ఎవరూ చూపలేదు. ఆ కంచాలు ఆక్లండ్‌లోనూ మన తెలుగు ఇళ్లలో ఎగురుతున్నాయి. వాటికి సీసీ కెమెరాలుండవు.

మామయ్య: ... అది నిజమే. నేనూ విసిరిన రోజులున్నాయి, మీ అత్తయ్యనడుగు. సరే, ఒక హెడ్మాస్టరుగా అడుగుతాను. నువ్వు మోకాళ్లమీద కూర్చుని ఆ ఒక్కడి ఊపిరి కుదుటపడేదాకా ఉన్నావు. మిగతావాళ్లను ఎవరు చూశారు?

మేనకోడలు: ఇంకో టీచరు. రెండేళ్లు దాటిన పిల్లలు పదిమందికి దాదాపు ఒక పెద్ద మనిషి అని ఇక్కడి నిబంధన. అదీ చాలడం లేదు. ఇద్దరు ఒకేసారి గొడవపడితే సర్దగలం, ముగ్గురైతే అరుస్తాం.

మామయ్య: నా క్లాసులో అరవైమంది. అందుకే బెత్తం. అది నా సిద్ధాంతం అనుకున్నాను ఇన్నాళ్లూ, అది అవసరంలోంచి పుట్టిందేమో. అలాగైతే నువ్వు ఆటల గురించి కాదు, మనుషుల గురించి అడగాలి. పిల్లవాడు నిగ్రహం నేర్చుకునేది నిగ్రహమున్న పెద్దమనిషి పక్కన ఉన్నప్పుడే అంటే, ఆ మనిషికి జీతం ఎవరిస్తారు, తీరిక ఎవరిస్తారు? తల్లి రెండు ఉద్యోగాలు చేస్తూ అలిసిపోయి ఉంటే ఆమెకు ఎవరున్నారు?

మేనకోడలు: నేను అడగాల్సిన ప్రశ్న మీరే అడిగారు.

మామయ్య: జవాబు కూడా నేనే చెప్పాలా? ఇక్కడ ఎన్నికలు మూడేళ్లకోసారి. నీ పని ఫలితం తెలియాలంటే నాలుగేళ్ల వాడికి పంతొమ్మిది రావాలి. మంత్రికి మాత్రం వచ్చే ఎన్నికలకల్లా చూపించుకోవడానికి ఒక శిబిరమో, చట్టమో కావాలి. పదిహేనేళ్ల తర్వాతి లాభం కోసం ఇవాళ్టి చప్పట్లు వదులుకోలేనిది పిల్లవాడా, ప్రభుత్వమా?

మేనకోడలు: అయితే ఒప్పుకున్నట్టేనా?

మామయ్య: సగం. పదిహేనేళ్లూ నా కొట్టుకు తలుపులుండాలి, తప్పు చేసినవాడు నా ముందు కూర్చోవాలి. ఈ రెండూ తగ్గించి నీకు డబ్బిస్తామంటే వద్దంటాను. వీటికి తోడుగా ఇస్తామంటే నీ బడికి ఇంకో ఇద్దరు టీచర్లను ఇమ్మని నేనూ సంతకం పెడతాను. ఆ పిల్లల లెక్క మాత్రం డునెడిన్ వాళ్లు రాసినట్టు ఏటా రాయి. పనిచేయకపోతే అది కూడా దాచకుండా రాయి.